రెండు వరసల కుట్టు

పోయిన వారం మన బూజు డాక్టరమ్మను ల్యాబ్ తలుపుకు లోపల, సీట్ల మేస్త్రిని బయట వదిలేసి వచ్చాం. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక గొళ్ళెం. అది ఎంతసేపు ఆగుతుందని ఉత్తరాలు రాసినవాళ్ళకు నా జవాబు ఒక్కటే: ఆగలేదు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. రోగుల రక్తంలో దూరిన ఈస్టు ఏ జాతిదో తేల్చడం ఆమె పని. అందుకే వెనకాల అందరూ బూజు డాక్టరమ్మ అంటారు. ముఖం మీద అనే ధైర్యం ఆమె భర్త ఒక్కడికే ఉంది. ఆయన అదే ఆసుపత్రిలో ఐసీయూకి పెద్ద. మేస్త్రి బళ్ళకు తోలు సీట్లు కుడతాడు. అతని దుకాణం అంటుకుని, లోపల ఉన్న మేస్త్రి తమ్ముడూ, మేస్త్రి భార్యా ఒళ్ళు కాలి ఐసీయూలో పడ్డారు. గాయాలు మానుతున్నాయి అనుకునేలోపు తమ్ముడి రక్తంలో ఈస్టు చేరింది. అది ఇంటి నుంచి వచ్చింది కాదు, ఆసుపత్రి అంటించింది. నిన్న తమ్ముడు పోయాడు. పక్క మంచం మీద భార్యకూ అదే జ్వరం.

ఈస్టు ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవాలని డాక్టరమ్మ ఐసీయూలో కనబడ్డ ప్రతి వస్తువునూ తెచ్చి ఈస్టు పెరిగే ప్లేట్ల మీద అద్దింది. వాటిలో ఒక్కదాన్ని మాత్రం ఐసీయూలో కాదు, తన ఇంట్లో, ఎవరికీ చెప్పకుండా అద్దింది. అదేమిటో పోయిన వారం నేను కావాలనే చెప్పలేదు.

గొళ్ళెం మేకులతో సహా ఊడి వచ్చింది.

మేస్త్రి చేతిలో సీటు చట్రానికి వాడే ఇనప కడ్డీ ఉంది. లోపలికి వస్తూనే గోడ గడియారాన్ని కొట్టాడు. దాని మీద అతనికేం కోపమో తెలియదు, చేతికి ముందు అందింది అదే. గాజు డాక్టరమ్మ జుట్టులో పడింది. తర్వాత పెద్ద మైక్రోస్కోపు, ఆ తర్వాత రిపోర్టులిచ్చే కంప్యూటరు. ఒక్కో దెబ్బకూ అతని గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది.

"ఏయ్, ఏయ్! ఆగవయ్యా! ఇది ల్యాబు, రోగుల శాంపిళ్ళున్నాయి!" అంటూ టెక్నీషియన్ అడ్డం వెళ్ళాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, ఆసుపత్రి మొత్తానికి బాబాయ్. ఎవరైనా బాబాయ్ మాట వింటారని ఆయన నమ్మకం. కడ్డీ ఆయన భుజం మీద దిగింది. ఆయన తూలి, తల బల్ల అంచుకు కొట్టుకుని, కింద కూలబడ్డాడు. తెల్లటి కోటు మీద నెత్తురు చెవి పక్కనుంచి జేబు దాకా పాకింది.

"బాబాయ్!" అని డాక్టరమ్మ వంగబోయింది. వంగనివ్వలేదు. మేస్త్రి ఎడమ చెయ్యి ఆమె గొంతు పట్టుకుని వెనక్కి తోసి బల్లకు అదిమింది. తోలును గుంజి గుంజి రాయిలా అయిన చెయ్యి అది.

"పురుగు పేరు తప్పు చెప్పావంట కదా? ఆ పేరు చూసి మందు ఇచ్చారంట. ఆ మందు పని చెయ్యలేదంట. మా తమ్ముడు ఎట్లా పోయాడో చూశావా నువ్వు? కాళ్ళూ చేతులూ నల్లబడి పోయాడే! నువ్వు ఇక్కడ కూర్చుని గిన్నెల్లో బూజు పెంచుకుంటున్నావా?"

"ఎవరు... ఎవరు చెప్పారు?"

"నీ మొగుడే! ఇంకెవరు చెప్తారు?"

ఊపిరి ఆడని ఆ క్షణంలో కూడా ఆ మాట డాక్టరమ్మకు గొంతు మీది చేతికంటే గట్టిగా తగిలింది. ఈస్టును గుర్తుపట్టే మిషన్ ఇచ్చిన పేరును నమ్మొద్దు, దానికి ఈ జాతి సరిగా తెలియదు, మందు వెంటనే మార్చండి అని భర్తకు స్వయంగా ఫోన్ చేసి చెప్పింది తనే. "నా వార్డు సంగతి నాకు తెలుసులేవోయ్ బూజు డాక్టరూ" అని నవ్వి పెట్టేశాడు ఆయన. ఇప్పుడు శవం లేచేసరికి, కడ్డీ పట్టుకున్న మనిషికి పెళ్ళాం గది చూపించాడు. ఆమెకు భయం పోయి ఒళ్ళు మండింది.

ఈస్టును ప్లేటు మీద గీయడానికి ఈ ల్యాబుల్లో ఒక సన్నటి తీగ వాడతారు. లూపు అంటారు. గీసే ముందు దాన్ని మంటలో ఎర్రగా కాల్చాలి. తలుపు మీద దెబ్బలు మొదలయ్యేటప్పటికి ఆమె చేస్తున్నది ఆ పనే. బర్నరు ఇంకా వెలుగుతోంది, లూపు ఇంకా స్టాండు మీద మంటలోనే ఉంది. వెనక్కి చెయ్యి చాచి పిడి దొరకబుచ్చుకుంది. గొంతు పట్టుకున్న ముంజేతి మీద తీగను పూర్తిగా ఆనించి, తీయకుండా అదిమింది.

మేస్త్రి పెట్టిన కేక కింది అంతస్తు దాకా వినబడింది. చెయ్యి వదిలాడు. వదిలి, గుడ్డి కోపంతో కడ్డీ విసిరాడు. అది స్పిరిట్ సీసాను పగలగొట్టుకుంటూ వెళ్ళి, ప్లేట్లను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరు అద్దంలోంచి దూరింది. లోపలి అరలు కూలి ప్లేట్లన్నీ నేల మీద దొర్లాయి. అడ్డం వచ్చిన స్టూలును తన్నాడు, అది సీరం గొట్టాల స్టాండు మీద పడింది. ముందుకు వచ్చి బూటుకాళ్ళతో ప్లేట్ల మీద నిలబడి తొక్కాడు. ఒక్కటి కాదు, కాలి కింద చప్పుడు ఆగేదాకా తొక్కాడు.

బల్ల మీద పారిన స్పిరిట్‌ను బర్నరు అందుకుంది.

నీలం మంట బల్ల పొడుగునా పరిగెత్తింది. అంతే, మేస్త్రి కట్టెలా బిగుసుకుపోయాడు. అప్పటిదాకా గది మొత్తాన్ని చావబాదిన మనిషి, జానెడు మంట చూసి కదలలేకపోయాడు. దుకాణం తగలబడ్డ రోజు అతను అక్కడ లేడు. వచ్చేసరికి తలుపులోంచి మంట మాత్రమే కనబడింది. డాక్టరమ్మ కోటు విప్పి, రెండు చేతులతో మంట మీద కొట్టి కొట్టి ఆర్పింది. అరచెయ్యి బొబ్బలెక్కింది.

ఆర్పాక అతనివైపు తిరిగింది. గొంతు బొంగురుపోయింది.

"తొక్కావా? తృప్తిగా తొక్కావా? నీ కాళ్ళ కింద ఉన్నది ఏమిటో తెలుసా?"

అతని చూపు ఇంకా మంట ఆరిన బల్ల మీదే ఉంది.

"నీ భార్య రక్తంలోంచి తీసి పెంచింది. ఇంకో రోజు ఆగితే దాని రంగు తేలేది. ఆకుపచ్చగా తేలితే ఇప్పుడిస్తున్న మందు చాలు. తేలకపోతే మందు మార్చాలి. ఆ ఒక్క ప్లేటు మీదే ఉంది ఆవిడ ప్రాణం. దాన్ని బూటుతో తొక్కావు, మొనగాడివి!"

మేస్త్రి కిందికి చూసుకున్నాడు. ఒక కాలు ఎత్తాడు. ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే గాల్లో ఉంచాడు.

సరిగ్గా అప్పుడు, గొడవంతా అయ్యాక వచ్చే అలవాటు ప్రకారం, సెక్యూరిటీవాళ్ళు ఇద్దరు వచ్చారు. ఒకడు వెనకనుంచి మెడ పట్టి లాగాడు, రెండోవాడు లాఠీతో మోకాళ్ళ వెనక కొట్టి పడేశాడు. పడ్డాక కూడా వదల్లేదు. ఎదురు తిరగని మనిషిని కొట్టడం సులువు కాబట్టి తీరిగ్గా కొట్టారు. పెదవి చిట్లింది, ఒక పన్ను కదిలింది. మేస్త్రి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కింద ప్లేటు ముక్కలు ఇంకా నలగకుండా రెండు చేతులూ వాటి చుట్టూ పెట్టుకుని పడుకున్నాడు.

అది డాక్టరమ్మ చూసింది.

"చాలు, ఆపండి! ఆపమంటున్నానా? ఒకళ్ళు బాబాయ్‌ని క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి, తల కుట్లు వెయ్యాలి. రెండోవాళ్ళు తలుపు దగ్గర నిలబడండి."

"వీణ్ణి పోలీసులకి..."

"తర్వాత. ఇప్పుడు ఇతనితో పనుంది."

మోకాళ్ళ మీద కూర్చుని ఇద్దరూ వెతికారు. ఆమె చేతులకు తొడుగులు వేసుకుంది, అతనికీ ఒక జత విసిరింది. అరచెయ్యి బొబ్బ మీద రబ్బరు రాసుకుంటుంటే ఆమె పళ్ళు బిగబట్టింది. భార్య ప్లేటు రెండు ముక్కలై దొరికింది. ఒక ముక్క మీద బూటు అచ్చు. రెండో ముక్క బల్ల కాలి వెనక్కి జారి బతికిపోయింది. దాని మీద రవ్వంత తెల్లటి చుక్కలు నాలుగైదు. ఇంకా రంగు రాలేదు.

"ఇదేనా?" అన్నాడు మేస్త్రి.

"ఇదే. ఊపిరి దాని మీద వదలకు."

రంగు కోసం ఆగే దారి లేదు. ఇంకో దారుంది, పాతది. మనిషి రక్తంలోంచి సీరం తీసి, ఈస్టును అందులో కలిపి, ఒంటివేడిలో రెండు గంటలు ఉంచితే, మామూలు జాతి అయితే మొలకెత్తుతుంది. విత్తనం పగిలి తోక పెట్టినట్టు చిన్న గొట్టం పెడుతుంది. ప్రమాదకరమైనవి చాలావరకు పెట్టవు. ఆ సీరం ఎవరిదంటారా? అక్కడ పనిచేసేవాళ్ళదే. వంతులవారీగా తమ చేతుల్లోంచి తామే తీసుకుని దాచుకోవడం ఆ ల్యాబ్ అలవాటు. దాచిన గొట్టాలన్నీ ఇప్పుడు స్టూలు కింద నలిగి ఉన్నాయి. బాబాయ్ రక్తం నేల మీదుంది. డాక్టరమ్మ రక్తం పనికిరాదు. కాలి గోటికి బూజు పట్టి ఆమె నెల రోజులుగా బూజు మాత్రలు మింగుతోంది. మందు కలిసిన సీరంలో ఈస్టు మొలకెత్తకపోతే ఆ లోపం ఈస్టుదో మందుదో ఎవరు చెప్పగలరు? బూజు డాక్టరమ్మకే బూజు పట్టిందని తెలిస్తే ఆసుపత్రి నవ్వుతుందని ఇన్నాళ్ళూ దాచింది కానీ, ఇప్పుడు సిగ్గుపడే తీరిక లేదు.

ఆమె తలుపు దగ్గర ఉన్న సెక్యూరిటీవాడి వైపు చూసింది. సూది చూసి వాడి మొహం పాలిపోయింది. ఇందాక పన్ను కదిలించింది వాడే.

"నాది తీసుకోండి," అన్నాడు మేస్త్రి. "కాల్చింది ఆ చెయ్యి. ఇది బాగానే ఉంది."

"నువ్వేమైనా మందులు వాడుతున్నావా?"

"తిండే తినట్లేదమ్మా. మందులెక్కడివి?"

తొందరలో, కోపంలో సూది కొంచెం మొరటుగానే గుచ్చింది. అతను కదల్లేదు. గొట్టం నిండింది. రక్తం గడ్డ కట్టి, మిషన్‌లో తిరిగి, పైన పసుపు నీరు తేలింది. ఆ నీటిలో అతని భార్య ఒంట్లోని ఈస్టును లూపుతో తీసి కలిపింది. ఇందాక అతన్ని కాల్చిన లూపు అదే. మళ్ళీ ఎర్రగా కాల్చి, చల్లార్చి వాడింది.

గొట్టాన్ని ఒంటివేడి నీళ్ళలో నిలబెట్టి, ఆ రెండు గంటలూ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె మెడ మీద అతని వేళ్ళ అచ్చులు కమిలి ఉబ్బాయి. అతను వాటినే చూస్తున్నాడు.

"అంత గట్టిగా పట్టుకున్నానా?" అన్నాడు చివరికి.

"చంపుదామనే కదా పట్టుకున్నావు."

"అవును," అన్నాడు అతను. అబద్ధం చెప్పకపోవడం ఆమెకు నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే విసుగొచ్చింది.

"విను. మిషన్ చెప్పిన పేరు తప్పని నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. మందు మార్చమని ఫోన్ చేసి చెప్పాను. మీ తమ్ముడికి ఇంకా స్పృహ ఉన్న రోజు అది."

"ఎవరికి చెప్పారు?"

ఆమె చూపు ఫోన్ మీదికి పోయింది. చెప్పనక్కర్లేకపోయింది. మేస్త్రి కాలిన ముంజెయ్యి మీద బిగిసిన చర్మం నిమురుకున్నాడు. ఇంక్యుబేటరులోంచి కిటికీ పక్కకు దొర్లిన కడ్డీని ఎవరూ తీయలేదు. అతని కళ్ళు ఒకసారి దాని మీద పడి తిరిగి వచ్చాయి.

పాత చిన్న మైక్రోస్కోపు అలమరలో ఉండబట్టి బతికింది. డాక్టరమ్మ ఒక చుక్క తీసి గాజు పలక మీద వేసి, కన్ను ఆనించింది. పలకను అటూ ఇటూ జరిపింది. గుండ్రటి కణాలు, ఒకదానికొకటి అంటుకుని, నున్నగా ఉన్నాయి. ఒక్కదానికీ మొలక లేదు. మళ్ళీ మొదటినుంచి చూసింది. లేదు.

"చూడు," అని జరిగింది. అతను చూశాడు.

"ఏముందమ్మా? సగ్గుబియ్యంలాగ ఉన్నాయి."

"అదే ఉండకూడదు. మీ తమ్ముడిది కూడా ఇట్లాగే ఉంది. జ్వరం వేడి చాలదన్నట్టు, ఇంకా వేడిలో పెట్టినా పెరిగింది. ఇదొక్క పరీక్షతో ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఇది మామూలు జాతి కాదు. ఇప్పుడెక్కిస్తున్న మందు దీన్ని ఏమీ చెయ్యదు. మార్చాలి, ఇప్పుడే మార్చాలి."

ఐసీయూకి ఫోన్ చేసింది. నర్సు గొంతు గుసగుసగా వచ్చింది. "మేడమ్, ఆవిడకి బీపీ పడిపోతోంది. కొత్త మందు స్టోర్లో ఉంది. కానీ సారు చెప్పకుండా ఎక్కించొద్దన్నారు. ల్యాబ్ మాట అసలే వినొద్దన్నారు. మీ దగ్గరికే బయల్దేరారు, మీరే అడగండి."

ఆమె ఫోన్ పెట్టేసి కళ్ళు మూసుకుంది. భర్త నోటినుంచి ఒక్క మాట రావాలి. అంతే. ఆ ఒక్క మాట వస్తే పక్క మంచం మీద మనిషి బతకొచ్చు.

మేస్త్రి నేల మీద మిగిలిన ప్లేట్లు ఏరుతున్నాడు. ఏదో ఒకటి చెయ్యకపోతే చేతులు ఆగేలా లేవు. ఇంక్యుబేటరు వెనక్కి చెయ్యి దూర్చి, పగలకుండా మిగిలిన ప్లేటు ఒకటి తీశాడు. మూత తుడిచి వెలుతురుకు పట్టుకున్నాడు.

"ఇదేంటమ్మా? ఇది కుట్టు."

డాక్టరమ్మ చటుక్కున చెయ్యి చాచింది.

"ఏదీ, ఇలా ఇవ్వు."

అతను ఇవ్వలేదు. వేలితో చూపిస్తున్నాడు. ప్లేటు మీద లేత గులాబీ చుక్కలు రెండు వరసలు, పక్కపక్కనే, తిన్నగా నడిచి, చివర వంపు తిరిగి కలిశాయి. "తోలు మీద దారం కుట్టు ఇది. మిషన్ కుట్టు. చూడండి, ఎడం ఎంత సమంగా ఉందో. సన్న పట్టీ, అంగుళం కూడా లేదు. చివర నాలిక లాగా కోశారు. మధ్యలో ఈ ఖాళీలు బెజ్జాలు. బెల్టు కాదు, బెల్టు ఇంత సన్నగా ఉండదు." చెప్తూ చెప్తూ అతని గొంతు నెమ్మదించింది. "ఈ చుక్కలు ఏంటి? ఇదీ ఆ పురుగేనా?"

తమ్ముడి ప్లేటు మీద తేలినదీ ఇదే లేత గులాబీ రంగు.

"దారం చెమట పీలుస్తుంది. తోలు తుడిచినా దారంలో తడి ఆరదు. నాకు తెలుసు. ఆ తడిలో ఉందా ఇది? ఇది వేసుకుని మావాళ్ళను ముట్టుకున్నారా ఎవరైనా?"

పదో పెళ్ళిరోజుకు ఆ తోలు పట్టీ వాచీని భర్తకు కొనిచ్చింది తనే. ఎప్పుడూ తీయొద్దండీ అని ముద్దుగా అడిగింది తనే. ఐసీయూలో మోచేతి కింద ఏమీ ఉండకూడదని, ఉంగరం కనబడినా నర్సులను తిట్టిపోసే మనిషి, ఆమెకిచ్చిన మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు దాన్ని ప్లేటు మీద అద్దుతూ, ఏమీ పెరగకూడదని ఆమె మనసులో ఎంత మొక్కుకుందో ఆమెకే తెలుసు.

"ఎవరిదమ్మా ఇది?" అన్నాడు మేస్త్రి.

కారిడార్‌లో బూట్ల చప్పుడు. సెక్యూరిటీవాడు పక్కకు తప్పుకుని సెల్యూట్ కొట్టాడు. భర్త లోపలికి వచ్చాడు. పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా బొత్తాలు. పగిలిన గదిని చూసి, భార్య మెడను చూసి ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే సర్దుకున్నాడు.

"వీడింకా ఇక్కడే ఉన్నాడా? పోలీసులను పిలవలేదా?"

"ఏవండీ, ముందు మందు మార్చండి. ఐసీయూకి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి. ఇప్పుడే, నా ముందే చెప్పండి."

"మళ్ళీ మొదలెట్టావా? నా వార్డులో ఏం ఎక్కించాలో నేను చూసుకుంటాను."

"కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క మాట చెప్పండి!"

ఆమె ఇంతలా బతిమాలడం ఎందుకో భర్తకు అర్థం కాలేదు. మేస్త్రికి అయింది. అతను ప్లేటును జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. కిటికీ పక్కకు, కడ్డీ పడి ఉన్న చోటికి నడిచాడు. నేల మీద పగిలిన గడియారాన్ని ఒకసారి చూశాడు.

"డాక్టరు గారూ," అన్నాడు చాలా మర్యాదగా. "టైమెంతయిందండీ?"

"వద్దు!" అని డాక్టరమ్మ అరిచే లోపే, అలవాటు చొప్పున, ఆయన చొక్కా చెయ్యి పైకి లాగి మణికట్టు తిప్పి చూసుకున్నాడు.